పాప్‌కార్న్ సీలింగ్ గీకే కర్ర: కవరు తగిలిస్తే చెత్త నిజంగా తగ్గుతుందా?

[దృశ్యం: పడగ్గది. కెమెరా పైకప్పు వెంట మెల్లగా జరుగుతుంది. పక్కనుంచి టార్చి వెలుగు పడుతుంటే గరుకంతా నీడలుగా తేలుతుంది.]

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ గదిలోనే పడుకుంది. పొద్దున్నే కాఫీ తాగుతూ అడిగింది: "పైన మరమరాలు అంటించారేమిట్రా?"

మరమరాలనే అనుకోండి. ఇక్కడివాళ్ళు మాత్రం పాప్‌కార్న్ అంటారు. పైకప్పుకి పిచికారీ కొట్టిన గరుకు పూత ఇది. అమెరికాలో 1950ల నుంచి 1980ల దాకా కట్టిన ఇళ్ళలో ఈ పాప్‌కార్న్ సీలింగ్ తెగ కనిపిస్తుంది. మాది టెక్సస్‌లోని ప్లేనో. 1984లో కట్టిన ఇల్లు. ఏ గదిలో తలెత్తినా ఇదే. దుమ్ము పడుతుంది, సాలెగూడు పడుతుంది. బూజుకర్రతో దులుపుదామంటే బూజుతో పాటు సీలింగూ రాలుతుంది.

[దృశ్యం: చేతిలో పనిముట్టు. అటూ ఇటూ తిప్పి చూపిస్తూ.]

ఇవాళ చూపించబోయేది ఇది. సీలింగ్ స్క్రాపర్. బూజుకర్ర చివర ఒక పెద్ద అట్లకాడ బిగించి, దాని కింద కూరగాయల కవరు వేలాడదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంది కదా? నిజంగా అంతే. ఇందులో మోటారు లేదు, బ్యాటరీ లేదు. ఇది కొనకముందు ఒక గది మామూలు పుట్టీ కత్తితో గీకాను. ఆ గది సంగతి ముందు చెప్తాను, అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

[దృశ్యం: పాత ఫోన్ వీడియో. నేలంతా తెల్లటి ముద్దలు. ఒక మనిషి జుట్టు, భుజాలు తెల్లగా.]

ఈ తెల్లజుట్టు పెద్దాయన నేనే. నిచ్చెన మీద నిలబడి, ఆరంగుళాల కత్తితో నెత్తి మీద గీకుతున్నా. గీకిన ముద్ద ఎక్కడ పడుతుంది? కళ్ళజోడు మీద. నీళ్ళు మణికట్టు మీంచి మోచేతి దాకా, అక్కణ్ణుంచి చంకలోకి. సాయానికొచ్చిన మా బావ కింద పరిచిన పట్టా మీద ఆ ముద్దలు తొక్కి, అదే చెప్పులతో హాల్లోకి వెళ్ళాడు, వంటింట్లోకి వెళ్ళాడు, ఫ్రిజ్ దాకా వెళ్ళాడు. ఆ తెల్లటి అడుగులు ఆరిపోయి పొడై, ఇల్లంతా వారం రోజులు ఊడ్చాం. గీకడానికి పట్టింది ఒక్క సాయంత్రం.

అంటే ఇక్కడ అసలు ఇబ్బంది గీకడం కాదు, గీకింది కింద పడటం. ఈ కవరు కర్ర ఆ ఒక్క సంగతే చూసుకుంటుంది.

కానీ గీకడానికి ముందు ఒక పని ఉంది. దయచేసి వీడియోని ముందుకు జరపొద్దు.

[తెర మీద: ముందు పరీక్ష. తర్వాతే కత్తి.]

ఈ పాత సీలింగ్ పూతల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ కలిపేవారు. మన ఊళ్ళో సిమెంటు రేకుల ఇళ్ళు గుర్తున్నాయా, ఆ రేకుల్లో ఉండేదీ ఇదే. తెలుగులో రాతినార అంటారు. రాయే, కానీ పీచులా విడిపోతుంది. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో దీన్ని తవ్విన గనులున్నాయి. కడప జిల్లా వాళ్ళెవరైనా చూస్తుంటే వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అది పైన కదలకుండా అంటుకుని ఉన్నంతసేపూ పెద్ద ప్రమాదం లేదు. పొడిగా గీకితే మాత్రం కంటికి కనపడని పీచు గాలిలో గంటల తరబడి తేలుతుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందా, దాని ఫలితం ఇరవై ఏళ్ళకో నలభై ఏళ్ళకో బయటపడుతుంది. ఇవాళ దగ్గు రాలేదు కాబట్టి ఏం కాలేదు అనుకోవడానికి లేదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1973లో కొన్ని రకాల ఆస్బెస్టాస్ పిచికారీని ఆపింది. అలంకరణ కోసం కొట్టే పిచికారీని, అంటే మన పాప్‌కార్న్‌ని, 1978లో ఆపింది. అయితే అప్పటికే తయారైన సరుకు ఆ తర్వాత కూడా వాడుకలో ఉంది. అందుకే 80ల మొదట్లో కట్టిన ఇళ్ళని కూడా నమ్మడానికి లేదు. "మాది 1984 ఇల్లు కదా, పర్లేదులే" అన్నాడు మా బావ. అయినా పరీక్ష చేయించాను.

[దృశ్యం: స్ప్రే సీసాతో చిన్న చోట తడపడం, చెంచాతో గీకి జిప్ కవరులో వేయడం.]

కష్టమేం లేదు. గీకే చోట ముందు తడపాలి. చెంచాడు పూత తీసి జిప్ కవరులో వేసి, దాన్ని ఇంకో కవరులో పెట్టాలి. ఒక్క చోట తీస్తే చాలదు. 1000 చదరపు అడుగుల లోపు పూతకి కనీసం 3 నమూనాలు తీయాలని ఇక్కడ బడుల తనిఖీకి ఒక నియమం ఉంది, నేనూ అదే లెక్క పాటించాను. ల్యాబ్‌వాళ్ళు ప్రత్యేకమైన మైక్రోస్కోప్ కింద చూసి శాతం చెప్తారు. 1 శాతం మించితే అది ఆస్బెస్టాస్ సరుకు కిందే లెక్క.

మాకు లేదని వచ్చింది. ఉందని వచ్చి ఉంటే ఈ వీడియో ఉండేది కాదు. అప్పుడు రెండే దారులు: లైసెన్సు ఉన్నవాళ్ళతో తీయించడం, లేదా దాని జోలికి పోకుండా కింద కొత్త జిప్సం బోర్డు కొట్టించి కప్పేయడం. కవరు కర్రతో జాగ్రత్తగా గీకుతాను, వాక్యూమ్ పెట్టి పీలుస్తాను అంటే కుదరదు. మామూలు వాక్యూమ్ ఆ పీచుని ఒక పక్క పీల్చి ఇంకో పక్క ఊదేస్తుంది.

[దృశ్యం: పనిముట్టు దగ్గరగా. వేలితో ఒక్కో భాగం చూపిస్తూ.]

సరే, కర్ర దగ్గరికి వద్దాం. ముందు వెడల్పాటి రేకు, సుమారు అడుగు. దాని వెనక ఒక చట్రం. ఈ చట్రానికి కవరు మూతి తొడిగి మడిచి బిగించాలి. కింద మరలున్న గొట్టం. రంగులేసేవాళ్ళ పొడుగు కర్ర ఇందులో బిగుస్తుంది. అంటే నిచ్చెన అక్కర్లేదు, నేల మీద నిలబడే గీకొచ్చు. నన్నడిగితే కవరు కంటే ఇదే పెద్ద లాభం. పైగా కర్ర పొడుగు వల్ల మనం సరిగ్గా గీకే చోటి కింద నిలబడం, రెండు మూడడుగులు వెనక ఉంటాం. తప్పించుకున్న ముద్ద నేల మీద పడుతుంది గానీ నెత్తి మీద పడదు.

రేకుని ముందుకు తోస్తే ఊడిన పూత రేకు మీదుగా జారి వెనక కవరులో పడుతుంది. అట్టు తీసినట్టే. అట్లకాడని నిలువుగా గుచ్చితే అట్టు చిరుగుతుంది, పెనానికి ఆనించి పడుకోబెట్టి తోస్తే లేచొస్తుంది. ఇక్కడ పెనం అంటే డ్రైవాల్, అంటే జిప్సం బోర్డు. దాని ముఖం మీద ఉండేది కాగితం. రేకు నిలువుగా పట్టారా, కాగితం చిరిగి బొచ్చులా లేస్తుంది. ఇంకో చిట్కా: కొత్త రేకు రెండు మూలలూ ఆకురాయితో కాస్త గుండ్రంగా అరగదీయండి. గాట్లు పడేది ఎక్కువగా ఆ మూలల వల్లే.

[దృశ్యం: తోటకి మందు కొట్టే పంపు. సీలింగ్ మీద సన్నటి తుంపర.]

ఇప్పుడు అసలు కిటుకు. అది కర్రలో లేదు, ఈ పంపులో ఉంది.

తోటల్లో వాడే చిన్న పంపు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు. నాలుగడుగులకి నాలుగడుగుల చోటు తడిపి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఎంత తడపాలో అంకెల్లో చెప్పలేను గానీ వంటింటి భాషలో చెప్తాను. పొడిగా ఉంటే అది రవ్వ: గీకగానే ఎగురుతుంది, కవరులో పావు వంతు కూడా పడదు. మరీ తడిస్తే జావ: రేకు పక్కల నుంచి కారి కర్ర వెంట చేతి మీదకొస్తుంది, పైగా బోర్డు కాగితం నానిపోతుంది. ఉప్మాలా ఉండాలి. ముద్దగా లేచి, ముద్దగా జారి, కవరులో టపీమని పడాలి.

[ధ్వని: టప్. టప్.]

ఈ చప్పుడే. ఇది వినిపిస్తుంటే పని కుదిరినట్టు.

ఈ కర్ర బాగోలేదని తిట్టేవాళ్ళలో సగం మంది పొడిగా గీకినవాళ్ళే అని నా అనుమానం. ఆరంగుళాల కత్తితోనూ ఉప్మా దశలో గీకితే పొడి లేవదు. కవరు చేసేదల్లా ఆ ఉప్మా ఎక్కడ పడాలో చూడటం.

నీళ్ళు కొడుతున్నాం కాబట్టి ఆ గదికి కరెంటు ముందే ఆపేయండి, బ్రేకర్ దగ్గరే. ఫ్యాన్ దింపేయండి. ఏసీ ఆపి, గాలొచ్చే జాలీని ప్లాస్టిక్‌తో మూసి టేపు వేయండి. గోడలకి పల్చటి ప్లాస్టిక్, నేలకి మందపాటి పట్టా. కవరు ఉంది కదా, పట్టా ఎందుకు అనొద్దు. కళ్ళజోడు, ఎన్95 మాస్కు ఎలాగూ ఉండాలి.

[దృశ్యం: గది మధ్యలో గీకడం, వేగంగా నడిపిన వీడియో. తర్వాత కవరు దించడం.]

మా గది 12 అడుగులు, 13 అడుగులు. కవరు మూడో వంతు నిండగానే దించేయండి. తడి పూత బరువుంటుంది. ఆ బరువు కర్ర చివర ఉంటే మెడ, భుజాలు పట్టేస్తాయి. నేను మొదటి కవరు నిండేదాకా ఆగాను. నిండింది, చట్రం నుంచి జారింది, మొత్తం ఒకేసారి నేల మీద పడింది. దాచుకున్న చెత్తంతా వడ్డీతో సహా వచ్చింది.

కవరు అంటే కిరాణా కొట్టు పల్చటి కవరు కాదండోయ్, చెత్తబుట్టకి వేసే మందపాటిది తొడగండి.

బోర్డులు కలిసే చోట కాగితపు టేపు ఉంటుంది. టేపు వెంట గీకండి, అడ్డంగా గీకితే రేకు దాన్ని లేపేస్తుంది. గోడ మూలల్లో, ఫ్యాన్ డబ్బా చుట్టూ ఈ చట్రం అడ్డమొస్తుంది. అక్కడ మళ్ళీ నిచ్చెన, చిన్న కత్తి, కింద ఒక వెడల్పాటి డబ్బా. తప్పదు.

ఇంతకీ చెత్త ఎంత తగ్గింది? నేను తూకం వేయలేదు గానీ, మొదటి గదిలో పట్టాని నలుగురం నాలుగు మూలలా పట్టుకుని మోశాం. ఈ గదిలో పట్టా మీద పడింది చీపురుతో ఒక చేటలోకి ఎత్తాను. జుట్టు నల్లగానే ఉంది. మా బావ చెప్పులు బయటే విప్పాడు.

[దృశ్యం: వాక్యూమ్ గొట్టం తగిలించిన ఇంకో రకం స్క్రాపర్ బొమ్మ.]

ఇంకో రకం ఉంది. కవరు బదులు వాక్యూమ్ గొట్టం తగిలించేది. రేకు చుట్టూ డొప్పలాంటి మూత, గీకింది గీకినట్టు పీల్చేస్తుంది. తడపనక్కర్లేదని అమ్మేవాళ్ళు చెప్తారు. స్నేహితుడి దగ్గర ఒకరోజు తెచ్చి వాడాను. ముద్దలు బాగానే లాగింది. కానీ సన్నటి పొడి మామూలు ఫిల్టర్‌లోంచి దాటి వెనక నుంచి గదిలోకే వచ్చింది. అందుకే దీనికి హెపా ఫిల్టర్, లోపల సన్నపొడికి వేసే సంచి రెండూ కావాలి. హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపే ఫిల్టర్. తడిపి వాడదామంటే గొట్టంలో ఉప్మా ఇరుక్కుంటుంది. ఒకటి రెండు గదులకైతే నా ఓటు కవరుకే. ఇల్లంతా చేసేవాళ్ళు, మంచి వాక్యూమ్ ఇప్పటికే ఉన్నవాళ్ళు దాన్ని చూడొచ్చు.

రెండూ పనిచేయని చోటు ఒకటుంది: పాప్‌కార్న్ మీద ఎవరైనా రంగు వేసి ఉంటే. నీళ్ళు చల్లి చూడండి. పీల్చుకుంటే రంగు లేదు. చుక్కలు చుక్కలుగా, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడితే రంగుంది. రంగు నీళ్ళని లోపలికి పోనివ్వదు. పైపైన గీరి, తడిపి, మళ్ళీ ఆగి, మళ్ళీ గీకాలి. అలాంటి సీలింగ్‌కి కొత్త బోర్డు కొట్టించడమే సుఖం. 1978కి ముందు ఇల్లయితే ఆ రంగులో సీసం ఉందేమో కూడా చూపించుకోవాలి.

[దృశ్యం: గీకేసిన సీలింగ్. బోర్డుల అతుకులు, మేకు తలలు, గాట్లు.]

ఇదిగో, గీకేశాం. ఎలా ఉంది? మరమరాలే నయం అనిపిస్తోంది కదూ.

అప్పట్లో ఈ పూత ఎందుకు కొట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. అతుకులు నున్నగా చేయడానికి చేయి తిరిగిన మనిషి, రోజులు కావాలి. పిచికారీ కొడితే లోపాలన్నీ నీడల్లో దాక్కుంటాయి, పని గంటల్లో అయిపోతుంది. గదిలో ప్రతిధ్వని కాస్త తగ్గుతుందని చెప్పి అకౌస్టిక్ సీలింగ్ అని పేరు కూడా పెట్టారు. ప్రతిధ్వని మాట నిజమే, గీకాక మా గదిలో మాట కొంచెం మోగుతోంది.

ఇప్పుడు లప్పం పని. ఇక్కడ మడ్ అంటారు. గాట్లు పూడ్చి, మొత్తం మీద పల్చగా ఒక చేయి లాగి, ఆరాక రుద్ది, ప్రైమర్ వేసి, మెరుపులేని తెల్లరంగు వేయాలి. స్క్రాపర్ పెట్టె మీద రాయని సంగతి ఒకటి: పొడి ఎక్కువ లేచేది ఇక్కడే. గీకేటప్పుడు కాదు, లప్పం రుద్దేటప్పుడు. అందుకని మూసిన ప్లాస్టిక్‌లు ఇంకా తీయొద్దు. నేను గరుకు కాగితం బదులు తడి స్పాంజితో రుద్దాను. నెమ్మది, కానీ పొడి లేదు.

[దృశ్యం: రంగు వేసిన నున్నటి సీలింగ్. ఫ్యాన్ తిరుగుతోంది. తర్వాత మెట్ల మీద ఎత్తైన హాలు సీలింగ్, ఇంకా పాప్‌కార్న్‌తోనే.]

మూడు గదులయ్యాయి. మెట్ల మీది ఈ హాలు మిగిలింది. ఎత్తు 17 అడుగులు. కర్రని పూర్తిగా సాగదీస్తే అందుతుంది, కానీ చివర కవరు ఊగుతుంటే రేకు ఆనడం లేదు, కింద చూస్తే మెట్లు. దీనికి మాత్రం మనిషిని పిలిచాను. శనివారం వస్తాడు.