క్విల్ట్ కుట్టు అణగాలంటే ఇస్త్రీ పెట్టె ఒక్కటే చాలదండీ

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇక్కడ కొలంబస్‌లో పొద్దున్నుంచీ ఒకటే మంచు. పిల్లల్ని స్కూల్ బస్ ఎక్కించేసి, కాఫీ కప్పు పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగిపోయా. మధ్యలో కుక్కర్ కూతలు వినిపిస్తే ఏమనుకోకండి, పైన అత్తయ్య పప్పు పెట్టారు.

పోయిన వీడియోలో నైన్ ప్యాచ్ క్విల్ట్, అంటే బట్ట ముక్కలు తొమ్మిదేసి కలిపి కుట్టే బొంత, మొదలుపెట్టాను కదా. మూడున్నర అంగుళాల ముక్కలు తొమ్మిది, వరసకి మూడు చొప్పున కలిపితే, కలిపిన ప్రతి అంచులో పావు అంగుళం కుట్టులోకి పోగా బ్లాక్ తొమ్మిదిన్నర అంగుళాలు రావాలి. నాకేమో ఒకటి తొమ్మిదిన్నర, ఇంకోటి తొమ్మిదింపావు. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. వరసకి ఆరు బ్లాకులేస్తే అంగుళంన్నర! కటింగ్ మళ్లీ కొలిచా, బాగానే ఉంది. కుట్టు కూడా పావు అంగుళానికి ఒక నూలుపోగు తక్కువగానే వేశా. చివరికి దొంగ దొరికింది మడతలో. కుట్టు దగ్గర బట్ట పూర్తిగా విప్పుకోకుండా సన్నటి మడత మిగిలిపోతే, ప్రతి కుట్టులోనూ కాస్త కాస్త మింగేస్తుంది.

తప్పు నాదే. చీర ఇస్త్రీ చేసినట్టు పెట్టెని అటూ ఇటూ లాగేసేదాన్ని. క్రాస్‌గా కోసిన ముక్కల్ని అలా లాగితే రబ్బరులా సాగుతాయి. క్విల్ట్‌కి పెట్టె ఎత్తి పెట్టాలి, ఎత్తి తీయాలి, అంతే. అలా చేసినా నాకు కుట్టు పూర్తిగా అణగలేదు. అప్పుడు తెచ్చుకున్నదే ఈ చెక్క దిమ్మ. దీన్ని క్లాపర్ అంటారు, కోట్లు కుట్టే టైలర్లు ఉన్ని గుడ్డ అంచులు అణచడానికి ఎప్పటినుంచో వాడేది. రెండు పక్కలా గాడి ఉంది చూడండి, పట్టుకోవడానికి.

ముందు ముక్కలు విప్పకుండానే కుట్టు మీద ఒకసారి పెట్టె ఆనించండి, దారం బట్టలో సర్దుకుంటుంది. ఇప్పుడు ముదురు రంగు బట్ట పైకి వచ్చేలా వేసి, వేలితో విప్పి, ఆవిరి కొట్టండి. జుయ్‌మంది కదా? పెట్టె తీసిన క్షణంలోనే దిమ్మ పెట్టేయాలి. గట్టిగా నొక్కక్కర్లేదు, బరువు దానికే ఉంది. ఒకటి, రెండు, మూడు... పదిహేను దాకా లెక్కపెడతా. కొత్త చెక్క వేడెక్కిన వాసన వస్తోంది. తీస్తున్నా. వేలితో రాసి చూస్తే కుట్టు ఎక్కడుందో తెలియట్లేదు!

తడీ వేడీ తగిలినప్పుడు నూలు పోగు మెత్తబడుతుంది. ఆరేటప్పుడు ఎలా ఉంటే అలాగే బిగుసుకుంటుంది. పెట్టె తీసి వదిలేస్తే ఆ ఆరే టైమ్‌లోనే కుట్టు మళ్లీ ఉబ్బుతుంది. దిమ్మ ఆవిరిని పీల్చుకుంటూ, వేడిని బట్టలోనే కాసేపు ఆపి, బరువు కింద ఆరనిస్తుంది. ఇనుప ముక్క పెడితే వేడిని లాగేస్తుంది కానీ తడి పీల్చదు. అందుకే దీనికి వార్నిష్ ఉండకూడదు, ఏ పూతా లేని చెక్కే ఉండాలి.

చెక్క కదా అని ఏదిపడితే అది పెట్టకండి. మా ఆయన గరాజ్‌లో మిగిలిన పైన్ చెక్క కోసిచ్చారు, డబ్బులు ఆదా అని. ముడి ఉన్న చోట వేడికి జిగురు కరిగి, తెల్ల గుడ్డ మీద గోధుమరంగు మరక! ఆ బ్లాక్ ఇప్పుడు స్టవ్ తుడిచే గుడ్డ. తర్వాత హోమ్స్ కౌంటీ వైపు వెళ్లినప్పుడు పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ వాళ్ల షాపులో ఈ మేపుల్ చెక్క దిమ్మ కొన్నా. అక్కడివాళ్లకి క్విల్టూ తెలుసు, చెక్కా తెలుసు. నున్నగా, అంచులు గుండ్రంగా, ఎక్కడా పేడు లేకుండా చేశారు.

ఈ చిన్న చెక్క రోలర్ ఇంకో పనికి. కాగితం మీద కుట్టే పేపర్ పీసింగ్‌లో ఆవిరి పెడితే కాగితం వంకర తిరుగుతుంది, అక్కడ రోలర్‌తో రెండుసార్లు తోస్తే చాలు. ప్రతి కుట్టుకీ లేచి ఇస్త్రీ బల్ల దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. చివర్లో మాత్రం ఇస్త్రీ తప్పదు.

అసలు పరీక్ష గాలిమరలా ఉండే పిన్‌వీల్ బ్లాక్‌ది. ఎనిమిది త్రికోణాల మొనలు మధ్యలో ఒక్క చోటే కలుస్తాయి, అక్కడ శనగగింజంత గడ్డ కడుతుంది. దాని మీద క్విల్టింగ్ చేస్తే, అంటే పొరలన్నీ కలిపి కుడితే, సూది విరిగినా విరుగుతుంది. వెనక్కి తిప్పి, మధ్యలో రెండు మూడు కుట్లు విప్పేసి, మార్జిన్లన్నీ ఒకే దిక్కుకి గాలిమరలా తిప్పండి. చూశారా, వెనక బుల్లి పిన్‌వీల్ వచ్చింది. ఇప్పుడు ఆవిరి, దిమ్మ. దీనికి మాత్రం నేను ముప్పై దాకా లెక్కపెడతా.

అత్తయ్య దిగొచ్చారు. "ఏంటమ్మాయ్, బట్ట మీద పీటేసి లెక్కలు చదువుతున్నావ్?" అన్నారు. చెబితే నవ్వేసి, "మా ఇంట్లో మీ మామయ్య పంచె మడతపెట్టి పరుపు కింద పెట్టేదాన్ని, పొద్దునకి కత్తిలా ఉండేది. దీనికింత హంగామా ఎందుకు" అన్నారు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసిన రోజులు కూడా చెప్పారు. తెనాలిలో వాళ్లమ్మ పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుడితే అణచడానికి కుట్లెక్కడివి, అంతా పైపైన దారమే కదా అని ఆవిడ వాదన. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ ఇందాకట్నుంచి దిమ్మ కనపడట్లేదు. పైకెళ్లి చూస్తే అత్తయ్య తన మంగళగిరి చీర అంచు మీద పెట్టి, పక్కన కూర్చుని నలభై దాకా లెక్కపెడుతున్నారు.