కారు షెడ్డుకు వెళ్లే ముందు

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున హనుమకొండలో ఇంతమంది కారు గురించి వినడానికి వచ్చారంటే, షెడ్డు బిల్లులు అందరికీ గట్టిగానే తగిలినట్టున్నాయి.

ముందు డ్యాష్‌బోర్డు సంగతి. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే టెన్షన్ వద్దు, వీలు చూసుకుని చూపించవచ్చు. అదే బొమ్మ టపటపా కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ అవుతోందని, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండట్లేదని. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది ఖరీదైన పార్టు. ఎర్ర రంగు ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే మాత్రం హసన్‌పర్తి దగ్గరున్నా సరే, పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకున్నవాళ్ల ఇంజిన్లే పట్టేస్తాయి.

ఇక కోడ్, అంటే లోపం ఏమిటో బండి కంప్యూటర్ రాసుకునే గుర్తు. బీఎస్-4 అనే పొగ నియమాలు దేశమంతా వచ్చిన 2017 ఏప్రిల్ తర్వాత కొత్తగా కొన్న కారైతే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ స్కానర్ పెడితే ఫోన్‌లో కోడ్ కనిపిస్తుంది. చవక స్కానర్లు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలావరకు చదవలేవు, ఇంజిన్‌కు మాత్రం చాలు.

పీ0171 వచ్చిందనుకోండి. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని దానర్థం. ఆ మాట చెప్పింది సైలెన్సర్ దారిలో పోయే పొగను చూసే ఆక్సిజన్ సెన్సర్. చాలాచోట్ల ఏం చేస్తారంటే, చెప్పిన సెన్సర్‌నే మార్చేస్తారు! వారం తిరగకముందే లైటు మళ్లీ వస్తుంది. అందుకే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడండి, బండి తనంతట తాను పెట్రోలు ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో అది చెబుతుంది. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కు రేస్ చేస్తే తగ్గిందా? ఎక్కడో వాక్యూమ్ పైపు పగిలి గాలి పీలుస్తోందన్న అనుమానం బలపడుతుంది. బానెట్ ఎత్తి చెవి పెడితే ఒక్కోసారి సుయ్‌మన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. లోడ్ పెరిగేకొద్దీ అంకె ఇంకా పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టరు, గాలి కొలిచే సెన్సర్ వైపు చూడాలి. ఫోటో తీసుకోకుండా కోడ్ చెరిపేయకండి. బ్యాటరీ వైరు పీకినా చాలా బండ్లలో కోడ్‌తోపాటు, లోపం వచ్చినప్పుడు వేడి, వేగం ఎంతున్నాయో రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్లలో కొందరికి ఈ కిటుకు బాగా తెలుసు.

లీకేజీకి స్కానర్ కూడా అక్కర్లేదు, రాత్రి కారు కింద ఓ అట్టముక్క పరిస్తే చాలు. మే నెలలో ఏసీ వేసుకుని వచ్చి ఆపాక ముందువైపు కారే వాసన లేని తేట నీళ్లు ఏసీవే, వదిలేయండి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. అది విషం, పిల్లలను, కుక్కలను దగ్గరికి రానీయకండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. చక్రం లోపలివైపు లేత పసుపు రంగు జిడ్డు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుకోవాలి. ఆ బండి నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

నల్లటి ఇంజిన్ ఆయిల్ దగ్గరే డబ్బు ఎక్కువ పోతుంది. పెంకుటిల్లు కారినప్పుడు చుక్క పడినచోట నెత్తిమీదే పెంకు పగిలి ఉండదు కదా, ఇదీ అంతే. పైన టాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత ప్యాకింగ్ గట్టిపడి ఆయిల్ వదిలితే, అది ఇంజిన్ వెనకవైపు నుంచి జారి గేరుబాక్సు అతుకు దగ్గర చుక్కగా పడుతుంది. కిందనుంచి చూసినవాళ్లు "క్రాంక్ ఆయిల్ సీల్ పోయింది, గేరుబాక్సు దించాలి" అంటారు. ప్యాకింగ్ మార్చడం చిన్న పని, గేరుబాక్సు దించడానికి లేబరే మోత మోగుతుంది. కాబట్టి ఇంజిన్ చల్లారాక టార్చి వేసి, అన్నిటికన్నా పైన తడి ఎక్కడుందో చూడండి. గుడ్డతో శుభ్రంగా తుడిచి, కాజీపేట దాకా ఓ చుట్టు తిరిగొచ్చి మళ్లీ చూడండి. కొత్త తడి మొదలైన చోటును ఫోటో తీసి మెకానిక్‌కు చూపించి, "అన్నా, ముందు ఈ ప్యాకింగ్ చూడు, తీసేసిన పాత పార్టు నాకివ్వు" అనండి. మంచి మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు.

బయట వేపచెట్టు కింద ఓ కారు బానెట్ ఎత్తి పెట్టాం, స్కానర్ కూడా ఉంది. కోడ్ ఉన్న బండ్లవాళ్లు ముందు రండి.