ట్రంకుపెట్టెలో డీవీడీలు, ఫోన్‌లో ‘బై’ బటన్

నేను: నమస్కారం. ఈ ఎపిసోడ్‌ని కాకినాడలో మా బాబాయ్ వాళ్ల హాల్లో కూర్చుని రికార్డు చేస్తున్నాం. ఫ్యాన్ చప్పుడు వినపడితే కాస్త సర్దుకోండి. బాబాయ్ పదిహేనేళ్లకు పైగా వీడియో షాపు నడిపారు. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, డీవీడీలు. నేను లా చదివాను. అందుకని నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇవాళ ఆయన దగ్గరికి తెచ్చాను. డబ్బులిచ్చి కొన్న సినిమాని మనం చూసుకోవడానికి మనమే కాపీ చేసుకుంటే తప్పా?

బాబాయ్: ముందు ఈ పెట్టె తీయనీ అమ్మా. (ట్రంకుపెట్టె మూత చప్పుడు)

నేను: వినేవాళ్లకు చెప్తాను. పైన అట్ట చిరిగిన అద్దె రిజిస్టర్ ఉంది. దాని కింద అన్నీ డిస్కులే. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. మెరిసే వైపు, అంచు దగ్గర, సన్నటి వేళ్లలా తెల్లగా బూజు పాకింది.

బాబాయ్: సముద్రపు గాలి. తేమకి ఇలాగే పడుతుంది. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తుడిచావో, గీత ట్రాక్ వెంబడే పడుతుంది, ఇక ప్లేయర్ చదవదు. షాపు మూసేశాక వీటిని అమ్మబుద్ధి కాలేదు. ఏటా వానాకాలం వెళ్లాక అన్నీ తీసి తుడుస్తాను. అయినా ఏటా రెండు మూడు పోతూనే ఉంటాయి.

నేను: పోయినవి మళ్లీ కొనొచ్చు కదా?

బాబాయ్: ఎక్కడమ్మా కొనేది? 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ అనే డిస్కుల కంపెనీ వాళ్లు వీసీడీ, అంటే సినిమా సీడీ, 28 రూపాయలకి, డీవీడీ 34 రూపాయలకి దించారు. దొంగ డిస్కు కొనేవాళ్లు కూడా ఒరిజినల్ పట్టుకెళ్లారు. ఇప్పుడు ఆ కంపెనీయే లేదు. కొన్ని సినిమాలు ఏ యాప్‌లోనూ లేవు. డిస్కు పోతే ఆ సినిమా నాకు పోయినట్టే. మరి దీనికో కాపీ తీసి దాచుకుంటే నేను ఎవరి సొమ్ము తిన్నట్టు?

నేను: మీరు అప్పట్లో తీసేవారా?

బాబాయ్: వీసీడీకైతే కాపీ కాకుండా ఆపే తాళం ఉండేది కాదు. కంప్యూటర్లో పెడితే ఎంపెగ్ఏవీ అని ఫోల్డర్ ఉండేది, అందులో పేరు చివర డీఏటీ (.DAT) అని ఉన్న ఫైల్. అది లాగి పెట్టుకుంటే సినిమా వచ్చేసేది. డీవీడీ అలా కాదు. ఫైళ్లు కాపీ అయినట్టే ఉండేవి, తీరా ఆడిస్తే తెరంతా పచ్చా ఊదా గళ్లు.

నేను: ఆ గళ్లకి కారణం సీఎస్ఎస్ అనే తాళం. డిస్కు మీద సినిమాని గజిబిజి చేసి పెడతారు, లైసెన్సు ఉన్న ప్లేయర్‌కి మాత్రమే తాళంచెవి ఇస్తారు. 1999లో నార్వేలో యాన్ యోహాన్సెన్ అనే కుర్రాడు, అప్పటికి 15 ఏళ్లు, మరికొందరితో కలిసి ఆ తాళం తీసే ప్రోగ్రామ్ బయటపెట్టాడు. అతని మీద కేసు పెట్టారు. 2003 జనవరిలో కోర్టు నిర్దోషి అంది. అప్పీలుకి వెళ్తే అదే ఏడాది డిసెంబర్‌లో మళ్లీ నిర్దోషి అంది. తాను కొన్న డిస్కుని తాను తెరుచుకోవడం నేరం ఎలా అవుతుందన్నది అక్కడ మాట.

బాబాయ్: న్యాయంగా ఉంది.

నేను: అమెరికాలో మాత్రం అలా లేదు. మొదట్లో కాస్త నయమే, 1984లో అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు తీర్పుతో, టీవీలో వచ్చేది తర్వాత చూసుకోవడానికి వీసీఆర్‌లో రికార్డు చేసుకోవచ్చు అంది.

బాబాయ్: దూరదర్శన్‌లో సినిమా వస్తే మేమూ అదే చేసేవాళ్లం! ప్రకటనలు రాగానే పాజ్ నొక్కడానికి మీ నాన్న బటన్ మీద వేలుపెట్టుకుని కూర్చునేవాడు.

నేను: (నవ్వు) అంత ఉదారంగా ఉన్న దేశమే 1998లో డీఎంసీఏ అనే డిజిటల్ కాపీరైట్ చట్టం చేసింది. దాని ప్రకారం డిస్కు నీదే అయినా, నీ ఇంట్లో నువ్వే చూసుకున్నా, తాళం తీయడమే తప్పు. మూడేళ్లకోసారి కొన్ని మినహాయింపులు ఇస్తారు. చదువు చెప్పడానికి చిన్న ముక్కలు వాడుకోవడం లాంటివాటికి ఇచ్చారు. కొన్నవాడు సొంత వాడకానికి సినిమా మొత్తం కాపీ చేసుకుంటానంటే మాత్రం ఇవ్వలేదు. బ్రిటన్ 2014లో సొంత కాపీకి అనుమతిస్తూ నిబంధన తెచ్చింది. సంగీత రంగం వాళ్లు కోర్టుకెళ్తే 2015లో అదీ కొట్టేశారు.

బాబాయ్: మనవాళ్ల సంగతి చెప్పు.

నేను: ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు, నాకు చెప్పాలని ఉన్నది కూడా ఇదే. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో సెక్షన్ 52, ఏవి కాపీరైట్ ఉల్లంఘన కావో చెప్తుంది. సొంత వాడకం అనే మాట మొదట పుస్తకాలకీ, సంగీతానికీ, నాటకాలకీ, బొమ్మలకీ ఉండేది, సినిమాకి లేదు. 2012 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రామ్ తప్ప మిగతా అన్నింటికీ వర్తించింది. అంటే సినిమాకీ వచ్చింది. ‘సొంత, వ్యక్తిగత వాడకం’ కోసం న్యాయబద్ధంగా వాడుకుంటే ఉల్లంఘన కాదు.

బాబాయ్: బ్యాకప్ తీసుకోవచ్చు అని రాసి ఉందా?

నేను: ఆ మాట కంప్యూటర్ ప్రోగ్రామ్‌లకి విడిగా రాశారు, సినిమాకి రాయలేదు. సినిమాకి ‘న్యాయబద్ధమైన వాడకం’ అనే మాట మీదే నిలబడాలి. కొన్న డిస్కు మన దగ్గరే ఉండి, అది పాడవకుండా ఒక్క కాపీ తీసి, మనింట్లో మనం చూసుకుంటే అది న్యాయమేనని నేను నమ్ముతాను. ఆ కాపీని టెలిగ్రామ్‌లో పెట్టినా, పక్కింటివాళ్లకి ఇచ్చినా, వినాయకచవితి పందిట్లో తెర కట్టి వేసినా అది సొంత వాడకం కాదు. ఒరిజినల్ అమ్మేసి కాపీ దాచుకున్నా కాదు.

బాబాయ్: మరి తాళం?

నేను: దానికి 65ఏ అనే సెక్షన్ 2012లోనే వచ్చింది. రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ అందులో ‘హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో’ అనే మాట ఉంది. అమెరికా చట్టానికీ మన చట్టానికీ తేడా అక్కడే. చట్టం నిషేధించని పనికోసం తాళం తీస్తే ఈ సెక్షన్ అడ్డం రాదని కింద మళ్లీ రాశారు. ఇంకొకరు సాయం చేస్తే, ఆ సాయం చేసినవాళ్లు ఎవరికి చేశారో వాళ్ల పేరు, చిరునామా, ఎందుకోసమో అన్నీ రాసి పెట్టుకోవాలి.

బాబాయ్: అంటే నా అద్దె రిజిస్టర్‌లాగా?

నేను: అచ్చం అలాగే.

బాబాయ్: డల్లాస్‌లో మీ అక్కకి డిస్కులు పంపాను గుర్తుందా? సగం ఆడలేదంది. పాపం, ప్లేయర్ పాడైందనుకుంది.

నేను: అది రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో డిస్కు మీద పెట్టే నంబరు. మనది 5, అమెరికాది 1. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్‌ని ఐదుసార్లే మార్చనిస్తారు, ఐదోసారి పెట్టిందే ఇక ఖాయం. దుకాణంలో కొన్న వస్తువు ఏ ఊళ్లో వాడుకోవాలో అమ్మినవాడు చెప్పడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

బాబాయ్: ఇప్పుడు డిస్కుల గొడవే లేదుగా, అన్నీ ఫోన్లోనే.

నేను: ఫోన్లో ఇంకా కష్టం బాబాయ్. ఒక యాప్‌లో ‘బై’, అంటే ‘కొను’ అని ఉన్న బటన్ నొక్కి అమ్మ కోసం ఒక పాత సినిమా కొన్నాను. ఏడాదిన్నర తర్వాత వెతికితే లేదు. అడిగితే హక్కులు ముగిశాయన్నారు. అమ్మ దాన్ని రెండుసార్లే చూసింది. 2023 డిసెంబర్‌లో సోనీ వాళ్ల గేమ్ పరికరం ప్లేస్టేషన్‌లో డిస్కవరీ చానెల్ కార్యక్రమాలు కొన్నవాళ్లకీ అవి తీసేస్తున్నామని చెప్పారు, జనం గొడవ చేశాక ఆగారు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘బై’ అని రాయకూడదు. మనకీ అలాంటిది రావాలి. అద్దెకిస్తూ అమ్మకం అని చెప్పడం కొనేవాళ్లని మోసం చేయడమే.

బాబాయ్: నా షాపులో అద్దె బల్ల వేరు, అమ్మకం బల్ల వేరు. ఏ బల్ల దగ్గర నిలబడ్డామో వచ్చినవాళ్లకి తెలిసేది.

నేను: సరే, నేను యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ తెచ్చాను. ఈ లాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు మరి. బూజు పట్టిన ఈ డిస్కు ఇవాళ మీకు కాపీ తీసిపెడతాను. ఒరిజినల్ మీ పెట్టెలోనే ఉంటుంది.

బాబాయ్: ఆగు. ఆ రిజిస్టర్ ఇలా ఇవ్వు. నువ్వు సాయం చేస్తున్నావు కాబట్టి రాసుకోవాల్సింది నువ్వే. చివర్లో ఖాళీ పేజీలున్నాయి. ఇదిగో పెన్ను. రాయి, నా పేరు, డోర్ నంబరు.

నేను: రాశాను.

బాబాయ్: సినిమా పేరు. తేదీ. ఎందుకు అన్నచోట ‘ఇంట్లో చూసుకోవడానికి’ అని రాయి. ఇటు తిప్పు, సంతకం పెడతాను.