నరికే కొద్దీ చిగురించే వావిలి

అందరికీ నమస్కారం.

వినాయక చవితి దగ్గరపడింది. ఆ రోజు పూజలో ‘హేరంబాయ నమః, సింధువార పత్రం పూజయామి’ అని చదువుతాం. 21 పత్రుల్లో అది పదిహేనోది, మన వావిలాకు. మంత్రం చదువుతాం గానీ, బజారులో కొన్న పత్రి కట్టలో ఆ ఆకు ఉందో లేదో ఎంతమంది చూస్తారు? చాలాసార్లు ఉండదు. చేతికందిన కొమ్మలేవో కలిపి కట్టేస్తారు, మనమూ కళ్లకద్దుకుని తెచ్చుకుంటాం. వావిలి దొరకక కాదు, గుర్తుపట్టేవాళ్లు తగ్గిపోయారు.

కాబట్టి ముందు గుర్తులు చెబుతాను. ఒకే కాడకు అరచేతి వేళ్లలా అయిదు ఆకులు, ఒక్కోసారి మూడు. పైన ముదురు ఆకుపచ్చ, అడుగున బూడిద తెలుపు. గాలి వీస్తే పొదంతా వెండిరంగు తిరుగుతుంది. లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉంటుంది. పూలు చిన్నవి, లేత ఊదారంగు. తేనెటీగలకు మహా ఇష్టం. ఆకు నలిపితే ఘాటైన వాసన. తులసి, టేకు ఉన్న కుటుంబమే దీనిదీ. నల్లవావిలి అని పిలిచే మొక్క వేరు, దాని ఆకు ఒంటి ఆకు; రెండింటినీ కలపకండి. నీరువావిలి మాత్రం దీనికి దగ్గర చుట్టం.

వాగు ఒడ్డు, చెరువు కట్ట, కాలువ గట్టు దీని చోట్లు. తడి ఉన్నచోట ఏడాదంతా పచ్చగానే కనిపిస్తుంది. మెట్ట నేలలో ఎండలు ముదిరితే ఆకు రాల్చేస్తుంది. ఎండిపోయిందని పీకేయకండి, తొలకరికి మళ్లీ వస్తుంది.

ఈ రోజు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. వావిలిని కాపాడటమంటే కంచె వేసి చూస్తూ కూర్చోవడం కాదు, ఏటా కొట్టి వాడుకోవడం. వదిలేస్తే పైకి సాగి, అడుగున బోసిపోతుంది. మోకాలెత్తున కొడితే మొదట్లోంచి నిటారుగా గుబురుగా బరిగెలు లేస్తాయి. గంపలు, తట్టలు అల్లేవాళ్లకు కావలసినవి ఆ సన్నని బరిగెలే. గంప పోయి ప్లాస్టిక్ తట్ట వచ్చాక కొట్టేవాళ్లు లేరు. పనికిరాని తుప్ప అనుకుని యంత్రంతో వేళ్లతో సహా లేపేశారు. ఆ గట్లే తర్వాత వానలకు కోసుకుపోయాయి. ఒడ్డు మట్టిని వేళ్లతో పట్టి ఉంచేది ఈ తుప్పే మరి.

ఇంట్లో దీని వాడుక పెద్దవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లతో స్నానం. కీళ్లు పట్టేస్తే ఆకును ఆముదంతో వెచ్చచేసి కట్టడం. జలుబుకు ఆవిరి. నీడన ఎండబెట్టిన ఆకును గాదెల్లో, గుమ్ముల్లో ధాన్యం మధ్య పొరలుగా వేస్తే పురుగు తగ్గుతుంది. ఆయుర్వేదంలో నిర్గుండి తైలం దీనితోనే చేస్తారు. పైపూతకు, కాపడానికి నేను సందేహించను. లోపలికి తీసుకోవడం మాత్రం వైద్యుడు చెప్పకుండా వద్దు, గర్భిణులు అసలే వద్దు.

వావిలి నాటితే దోమలు పోతాయా అని కూడా అడుగుతారు. తమిళులు దీన్ని నొచ్చి అంటారు. కోటను కాపాడే వీరులు ఆ పూలు ధరించేవారని వారి ప్రాచీన కావ్య సంప్రదాయం చెబుతుంది. చెన్నైలో కొన్నేళ్ల కిందట దోమలను తరిమేందుకని నగర పాలక సంస్థే నొచ్చి మొక్కలు నాటించింది. నా అభిప్రాయం అడిగితే, పెరట్లో ఊరికే నిలబడ్డ మొక్కకు దోమ భయపడదు. ఎండుటాకు పొగకు పోతుంది. మురుగు నిలిచిన కాలువను బాగుచేయకుండా వావిలిని నాటితే దోమలకు నీడ దొరుకుతుంది, అంతే.

రైతులకు దీని అవసరం ఇంకా పోలేదు. పురుగుల మీద చల్లే పది రకాల ఆకుల మందు దశపర్ణి కషాయం. అందులో వేప, సీతాఫలం, కానుగ, ఆముదం వంటి ఆకులతోపాటు ఇదీ పడుతుంది; 200 లీటర్ల నీటికి సాధారణంగా రెండు కిలోలు. ఆ రెండు కిలోల కోసం ఊరంతా తిరిగే బదులు పొలం గట్టున పెంచుకోవచ్చు. చేదు, ఘాటు వల్ల పశువులు అంతగా ముట్టవు, అందుకే కంచెకు బాగా కుదురుతుంది.

పెంపకం తేలిక. విత్తనం కన్నా కొమ్మ నయం. పెన్సిలు లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేలా కోయాలి. రెండు కణుపులు మట్టిలో ఉండాలి. కంచెకైతే అడుగున్నర ఎడం, విడిగా పెంచితే ఆరడుగులు. వానలున్నన్నాళ్లు నీళ్ల బాధ లేదు. మొదటి వేసవి మాత్రం అప్పుడప్పుడు తడపండి. ఎరువు అక్కర్లేదు. వేళ్ల నుంచి పిలకలు వేస్తుంది, కాబట్టి చిన్న పెరట్లో, గోడ పక్కన నాటకండి. రెండో ఏడు నుంచి తొలకరికి ముందు కొట్టండి. ఆకు కోసమైతే ఏడాదికి రెండుసార్లు కోయవచ్చు.

వెనక తలుపు దగ్గర తడి గోనెలో కొమ్మలు కట్టలుగా పెట్టించాను, వెళ్లేటప్పుడు తీసుకోండి. ఏటవాలుగా కోసిన కొస మట్టిలోకి, సమంగా కోసిన కొస పైకి. రెండు రోజుల్లోపు నాటండి.