కాచిగూడ: పట్నంలో ఉన్న పాలమూరు స్టేషన్

ప్రేక్షకులందరికీ నమస్కారం. తెలంగాణలో పెద్ద రైల్వే స్టేషన్లు ఏవని అడిగితే సికింద్రాబాద్, కాజీపేట, నాంపల్లి పేర్లే ముందుగా వినిపిస్తాయి. మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్ర, గద్వాల ప్రాంతాల వారిని అడిగితే మాత్రం పట్నం పోయే రైలంటే కాచిగూడ పోయే రైలే. ఆ స్టేషన్ హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నప్పటికీ, దాని చరిత్రలో సగం పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతం చరిత్రేనని మా అభిప్రాయం. ఈ వీడియోలో ఆ సగం గురించే ఎక్కువగా చెప్పుకుందాం.

ప్రస్తుతం తెర మీద కనిపిస్తున్నది 1916లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో నిర్మించిన ప్రధాన భవనం. మధ్యలో పెద్ద గుమ్మటం, ఇరుపక్కలా చిన్న గుమ్మటాలు, వాటికి తోడుగా మినార్లు ఉండటంతో, బోర్డు చదవని వారు దీనిని ఏ నవాబు దేవిడీయో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణంతో పేరు ముడిపడిన వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ దీనికి కూడా రూపకల్పన చేశారు. పరదా పాటించే స్త్రీలు ఇతరుల కంట పడకుండా రైలెక్కేందుకు ఆ రోజుల్లో ఇక్కడ ప్రత్యేకమైన ఏర్పాటు ఉండేది. అయితే ఇంత వైభవం కేవలం ప్రయాణికుల కోసం కాదు, నిజాం రైల్వే ప్రధాన కార్యాలయానికి తగినట్టుగా కట్టిన భవనం ఇది.

హైదరాబాద్ రాజ్యానికి రైలు అంతకు చాలా ముందే, 1874లోనే వచ్చింది. నేటి కర్ణాటకలోని వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్ వరకు వేసిన ఆ లైను బ్రాడ్ గేజ్. తరువాత అది కాజీపేట మీదుగా 1889లో బెజవాడ చేరింది. మన్మాడ్ వైపు వేసిన గోదావరి లోయ లైను మాత్రం మీటర్ గేజ్. కాచిగూడ నుంచి దక్షిణంగా మూసీ దాటి, షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా గద్వాల సంస్థానం వైపు సాగిన లైనును కూడా మీటర్ గేజ్‌గానే వేశారు. బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు కాగా, మీటర్ గేజ్‌లో అది 1,000 మిల్లీమీటర్లు మాత్రమే. ఖర్చు తగ్గుతుంది, కాని వేగమూ తగ్గుతుంది, మోసే బరువూ తగ్గుతుంది. కృష్ణ, తుంగభద్ర నదులు దాటి, కర్నూలు మీదుగా ద్రోణాచలం (డోన్) చేరి, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మీటర్ గేజ్ లైన్లతో కలిసిన తరువాత ఈ దారి ప్రాముఖ్యం ఒక్కసారిగా పెరిగింది. ఉత్తరాన జైపూర్ నుంచి మీనాక్షి ఎక్స్‌ప్రెస్, దక్షిణాన తిరుపతి వైపు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ మీటర్ గేజ్ మీద నడిచిన కాలంలో కాచిగూడ ఆ రెండు దిక్కులకూ కూడలిగా ఉండేది.

మరి ఈ లైను పాలమూరుకు ఏమి చేసింది? బాలానగర్ సీతాఫలం గంపలకెత్తుకుని పట్నం చేరడానికి, బాదేపల్లి మార్కెట్‌కు పల్లీల వ్యాపారంలో పేరు రావడానికి ఈ రైలు అందుబాటు తోడ్పడింది. కాని ఈ స్టేషన్ల మీదుగా అన్నింటికన్నా ఎక్కువగా తరలిపోయింది మనుషుల కష్టమే. వానలు ముఖం చాటేసిన ఏడు కూలీలను కుదుర్చుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబాలు, జొన్నరొట్టెల సద్దిమూట, సిల్వర్ గిన్నెలు, పలుగు పార, చంకలో బిడ్డతో జనరల్ పెట్టె తలుపు దగ్గరే కూర్చుని ప్రయాణించేవి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసిన పాలమూరు లేబర్‌లో ఎందరికో కాచిగూడ మొదటి మజిలీ. గుమ్మటాల ముందు ఫొటోలు దిగే మనం ఈ సంగతిని అంతగా తలచుకోము.

ఇదే లైను మీద జరిగిన ఒక దుర్ఘటన దేశ రాజకీయాలను కూడా తాకింది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య వంతెన కూలి, రైలు ప్రమాదానికి గురై, వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి నైతిక బాధ్యత వహిస్తూ రాజీనామా సమర్పించగా ప్రధాని నెహ్రూ దానిని ఆమోదించలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరిగినప్పుడు శాస్త్రి మళ్లీ రాజీనామా చేశారు, ఈసారి అది ఆమోదం పొందింది. శాస్త్రి రాజీనామా గురించి చెప్పేవారు అరియలూరు పేరే చెబుతారు, మొదటి రాజీనామా లేఖకు కారణమైన మన ఊరి పేరు చాలామందికి తెలియదు.

1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1990 దశకంలో ఈ లైను బ్రాడ్ గేజ్‌గా మారింది. పట్టాలు వెడల్పయ్యాయి గాని, లైను ఒక్కటే ఉండిపోయింది. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తుందంటే ప్యాసింజర్ రైలు ఏ గొల్లపల్లిలోనో దివిటిపల్లిలోనో స్టేషన్ పక్క పట్టాల మీద, అంటే లూప్ లైనులో ఆగవలసిందే. దాదాపు 100 కిలోమీటర్ల దూరమున్న పట్నానికి పోవడానికి క్రాసింగ్‌ల పుణ్యమా అని సగం పూట పట్టిందని విసుక్కోని వారు ఈ దారిలో అరుదు. ఒక చివర రాజభవనం లాంటి స్టేషన్, అక్కడికి చేరడానికి మాత్రం ఒంటి పట్టాల దారి, ఇదే పాలమూరు వంతుకు వచ్చింది.

ఆ పరిస్థితి మారడానికి భవనం కట్టిన తరువాత 100 ఏళ్లకు పైగా పట్టింది. సికింద్రాబాద్ – మహబూబ్‌నగర్ మధ్య సుమారు 1,410 కోట్ల రూపాయలతో 85 కిలోమీటర్ల మేర చేపట్టిన డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ పనులను 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. అదే ఏడాది సెప్టెంబరు 24న ప్రారంభమైన కాచిగూడ – యశ్వంతపూర్ వందే భారత్‌కు మహబూబ్‌నగర్‌లో హాల్ట్ దక్కింది. అక్టోబరు 1న జక్లేర్ – కృష్ణా స్టేషన్ల మధ్య 37 కిలోమీటర్ల కొత్త లైను మొదలై, కాచిగూడ నుంచి రాయచూరుకు దేవరకద్ర, మక్తల్ మీదుగా నేరుగా రైలు నడిచింది. మునీరాబాద్ – మహబూబ్‌నగర్ ప్రాజెక్టులో ఇది ఒక భాగం. ఆ ప్రాజెక్టు మంజూరైంది 1997–98లో అన్న సంగతి గుర్తుంచుకుంటే, మక్తల్ వాసుల ఓపికను మెచ్చుకోకుండా ఉండలేము.

ఇంధన పొదుపు, డిజిటల్ చెల్లింపుల విషయంలో కాచిగూడకు వచ్చిన గుర్తింపుల గురించి ఇతర వీడియోలలో చాలానే చెప్పారు, అవి మంచివే. మా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రాజెక్టు. అటు మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ నుంచి మేడ్చల్ వరకు, ఇటు మహబూబ్‌నగర్ నుంచి ద్రోణాచలం వరకు రెండో లైను వేయాలన్నది ఆ నిర్ణయం. గమనిస్తే ఈ రెండూ ఒకనాటి మీటర్ గేజ్ దారిలోని భాగాలే. ఆ పనులు పూర్తయితే కురుమూర్తి జాతరకు పోయే వారూ, వనపర్తి రోడ్, గద్వాల, అలంపూర్ రోడ్ స్టేషన్ల ప్రయాణికులూ క్రాసింగ్ కోసం ఆగవలసిన అవసరం తీరుతుంది.