ఆ పెట్టెలు వాళ్ళకే ఎందుకిచ్చారు? న్యూవార్క్ జాజ్ ఆర్కైవ్‌ని నడిపిన మనుషులు

నమస్తే అండీ. ఇవాళ ఒక శాక్సఫోన్‌తో మొదలుపెడదాం.

[తెర మీద: పాత టెనర్ శాక్సఫోన్, దగ్గరగా]

బెన్ వెబ్‌స్టర్ అని ఒకాయన ఉండేవాడు. 1940 ప్రాంతంలో పెద్ద బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్‌లో టెనర్ శాక్సఫోన్ వాయిస్తూ పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1938లో చేతికి తీసుకున్న వాద్యాన్ని 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయేదాకా వదల్లేదు, 35 ఏళ్లు అదొక్కటే, తన తర్వాత దాన్ని ఇంకెవరూ వాయించకూడదని చెప్పి మరీ పోయాడు. ఆ శాక్సఫోన్ ఇప్పుడు న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో, రట్గర్స్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. ఎవరూ వాయించరు.

అది ఉన్న చోటు పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్, జాజ్ సంగీతానికి సంబంధించినవన్నీ దాచే ఆర్కైవ్. లక్షకు పైగా రికార్డులు, వేలకొద్దీ పుస్తకాలు, ఫోటోలు, ఉత్తరాలు, చేత్తో రాసిన నొటేషన్ కాగితాలు, వాద్యాలు. జాజ్ మీద పుస్తకం రాసేవాళ్ళు, డాక్యుమెంటరీ తీసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడికే వస్తారు. కానీ ఆ సామాను లెక్కలు చెప్పడానికి నేను ఈ వీడియో చెయ్యట్లేదు. ఒక కళాకారుడు తన జీవితమంతా ఉన్న పెట్టెను తెచ్చి ఎవరి చేతిలోనో పెట్టాలంటే ఆ చేతుల మీద నమ్మకం ఉండాలి కదా. ఆ చేతులు ఎవరివి, ఆ నమ్మకం ఎలా వచ్చింది, అదే చెప్తాను.

[తెర మీద: న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్, పాత వీధి]

మొదటి మనిషి మార్షల్ స్టెర్న్స్. ఈయన చాసర్ అనే 14వ శతాబ్దపు కవిని పాఠం చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసర్. మన లెక్కలో ఎర్రన భారతం చెప్పే తెలుగు మాస్టారు అనుకోండి. ఆయన ఇల్లు గ్రీనిచ్ విలేజ్‌లో ఒక అపార్ట్‌మెంట్, దాని నిండా రికార్డులూ కాగితాలూ. 1952లో ఆ ఇంట్లోనే ఈ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. అప్పట్లో చాలా యూనివర్సిటీలకు జాజ్ అంటే తాగే చోట వాయించే పాటలు, పరిశోధన చేసేంత విషయం కాదు. నల్లజాతివాళ్ళ సంగీతం కాబట్టి ఆ చిన్నచూపు ఇంకా ఎక్కువ. స్టెర్న్స్ మాత్రం కళాకారులనీ, జానపద పరిశోధకులనీ, మానవ శాస్త్రం చదివినవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. 1956లో అమెరికా ప్రభుత్వం ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ బ్యాండ్‌ని విదేశీ పర్యటనకు పంపితే, జాజ్ గురించి ఉపన్యాసాలు ఇవ్వడానికి వాళ్ళతో పాటు వెళ్ళాడు.

నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది ఇంకొకటి. ట్యాప్ డ్యాన్స్ చేసేవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ కథలు రాసుకున్నాడు. వాయించేవాళ్ళకే అంతంతమాత్రం గౌరవం ఉన్న రోజుల్లో, ఇక కాళ్ళతో తాళం వేసేవాళ్ళని ఎవరు అడుగుతారు? భార్య జీన్‌తో కలిసి రాసిన ఆ పుస్తకం ఆయన పోయాక 1968లో బయటికొచ్చింది.

1966లో తన సేకరణ మొత్తాన్ని రట్గర్స్‌కి ఇచ్చాడు, అదే ఏడాది డిసెంబరులో చనిపోయాడు. చాలా సేకరణలు పాడయ్యేది ఇదిగో, ఇక్కడే. పెట్టినాయన పోతాడు, పెట్టెలు ఏదో ఒక గదిలోకి వెళ్తాయి, గదికి తాళం పడుతుంది, పదేళ్ళ తర్వాత ఎవరికో ఆ గది కావాల్సి వస్తుంది. అలా జరగకపోవడానికి ప్రధాన కారణం రెండో మనిషి.

[తెర మీద: కోపెన్‌హాగెన్ రేవు, పడవలు]

డాన్ మోర్గన్‌స్టెర్న్. 1929లో మ్యూనిక్‌లో పుట్టాడు, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పెరిగాడు, యూదుల కుటుంబం. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకోగానే తల్లీకొడుకులు డెన్మార్క్ పారిపోయారు, రచయిత అయిన తండ్రి సోమా మోర్గన్‌స్టెర్న్ ఫ్రాన్స్ వైపు వెళ్ళాడు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, తండ్రి ఎక్కడో ఉన్నాడు. ఆ ఏడాదే తల్లి ఆ పిల్లాణ్ణి కోపెన్‌హాగెన్‌లో ఒక కచేరీకి తీసుకెళ్ళింది. వాయించింది ఫ్యాట్స్ వాలర్, న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్ నుంచి వచ్చిన పియానో విద్వాంసుడు. తొమ్మిదేళ్ళయినా సరిగ్గా నిండని పిల్లాడికి ఆ రోజు పట్టిన జాజ్ జీవితాంతం వదల్లేదు. 1943 అక్టోబరులో జర్మన్లు డెన్మార్క్‌లోని యూదులను పట్టుకెళ్ళడానికి సిద్ధమైతే అక్కడి జనం వాళ్ళని పడవల్లో స్వీడన్‌కి దాటించారు, వాళ్ళలో ఈ తల్లీకొడుకులు కూడా ఉన్నారు. 1947లో న్యూయార్క్ చేరాడు.

అక్కణ్ణుంచి ఆయన చదువు ఎక్కువగా క్లబ్బుల్లోనే సాగింది. రాత్రుళ్ళు వినేవాడు, కళాకారులతో కూర్చునేవాడు, పత్రికలకు రాసేవాడు, 1967 నుంచి 1973 దాకా డౌన్‌బీట్ అనే జాజ్ పత్రికకు ఎడిటర్. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటివాళ్ళకి ఆయన మనిషిగా తెలుసు. 1976లో రట్గర్స్ ఆయన్ని డైరెక్టర్‌గా పెట్టుకుంది. దాదాపు 35 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు. రికార్డు అట్ట మీద రాసే పరిచయ వ్యాసాలకు 8 గ్రామీ అవార్డులు వచ్చాయి, 2024లో 94 ఏళ్ళ వయసులో పోయాడు.

ఇప్పుడు నమ్మకం సంగతి. జాజ్ కళాకారులకు పెద్దమనుషుల్ని అనుమానించడానికి కారణాలు చాలానే ఉన్నాయి. రాసిన పాట మీద ఇంకొకరి పేరు పడేది, రాయల్టీ లేకుండా రోజు కూలీలా ఇంత అని చేతిలో పెట్టి పంపేవాళ్ళు. అలా మోసపోయిన కళాకారుల ఇంటికి ఒక యూనివర్సిటీ మనిషి వచ్చి, మీ కాగితాలు మాకివ్వండి, భద్రంగా దాస్తాం అంటే ఎందుకిస్తారు? అడిగేవాడు పాతికేళ్ళుగా ముందు వరసలో కూర్చుని వింటున్నవాడైతే, ఏ రాత్రి ఏ క్లబ్బులో ఎలా వాయించారో గుర్తుపెట్టుకుని చెప్పగలిగినవాడైతే, అప్పుడు అటకమీది పెట్టె కిందికి దిగుతుంది.

ఎడ్ బెర్గర్ విషయం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడే పనిచేసిన లైబ్రేరియన్, ఫోటోగ్రాఫర్, తర్వాత అసోసియేట్ డైరెక్టర్. తండ్రి మోరో బెర్గర్ ప్రిన్స్‌టన్‌లో సోషియాలజీ ప్రొఫెసర్, బెనీ కార్టర్ అనే గొప్ప శాక్సఫోన్ విద్వాంసుడికి ఆప్త మిత్రుడు. తండ్రీకొడుకులు కలిసి కార్టర్ జీవితం మీద పనిచేశారు, పుస్తకం 1982లో వచ్చింది, కానీ తండ్రి దాన్ని చూడకుండానే 1981లో పోయాడు. కార్టర్ టూర్ల పనులు కూడా ఎడ్ చూసుకునేవాడు. 1987లో కార్టర్ తన డబ్బు పెట్టి, పోయిన స్నేహితుడి పేరూ తన పేరూ కలిపి ఒక నిధి ఏర్పాటు చేశాడు, జాజ్ మీద పరిశోధన చేసేవాళ్ళకు సాయం చేయడానికి. ఒక కళాకారుడే తన గురించి రాసినవాళ్ళ మీద గౌరవంతో పరిశోధనకు డబ్బివ్వడం ఎక్కడైనా విన్నారా? నాకైతే ఇలాంటిది ఇంకొకటి గుర్తుకు రావట్లేదు.

[తెర మీద: క్యాసెట్, దాని మీద చేతిరాత లేబుల్]

సరే, వీళ్ళు రోజూ చేసే పనేంటి? మా ఇంట్లో ఒక క్యాసెట్ ఉంది. దాని మీద "తాతగారి భజన - 2" అని ఉంది, అంతే. ఏ ఏడాది? ఏ ఊళ్ళో? హార్మోనియం ఎవరిది? ఒకటో క్యాసెట్ ఏమైంది? చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, ఇప్పుడు దాంట్లో గొంతులు వినిపిస్తాయి కానీ ఎవరివో చెప్పలేం. ఇదే సమస్యను లక్ష రికార్డులకు పెంచి చూడండి. జాజ్‌లో దీనికో విద్యే ఉంది, డిస్కోగ్రఫీ అంటారు. ఏ రోజు, ఏ స్టూడియోలో, ఎవరెవరు ఏం వాయించారు, అదే పాటను ఆ పూట ఎన్నిసార్లు తీశారు. జాజ్‌లో ప్రతి టేక్ వేరు, ఎందుకంటే సోలో, అంటే ఒక్కరే వాయించే భాగం, అప్పటికప్పుడు పుడుతుంది, రెండో టేక్‌లో ఇంకోలా ఉంటుంది. 1970ల చివర అక్కడ చేరిన విన్సెంట్ పెలోట్ దశాబ్దాల పాటు ఈ రికార్డుల పనే చూశాడు. న్యూవార్క్ రేడియో స్టేషన్ డబ్ల్యూబీజీవోలో 1979 నుంచి "జాజ్ ఫ్రమ్ ది ఆర్కైవ్స్" అని ఒక కార్యక్రమం వచ్చేది, ఈ మనుషులే అల్మారాల్లోంచి రికార్డులు తీసుకెళ్ళి ఊరందరికీ వినిపించేవాళ్ళు. దాచినదాన్ని మళ్ళీ గాల్లోకి వదలడం కూడా వాళ్ళ పనే అనుకున్నారు, అది నాకు చాలా నచ్చింది.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పాలి, లేకపోతే ఈ పని విలువ తెలియదు. 1942లో రెండు దెబ్బలు ఒకేసారి పడ్డాయి. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డుల్లో వాడేది లక్క, అది చాలావరకు మన దేశం నుంచే వెళ్ళేది. యుద్ధం వల్ల అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీలకు లక్క 70 శాతం కోసేసింది. ఆ ఏడాదే ఆగస్టు 1 నుంచి, రికార్డులూ, డబ్బులేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సులూ మా నోటి దగ్గర కూడు లాగేస్తున్నాయి, మాకూ వాటా ఇవ్వండి అని కళాకారుల యూనియన్ రికార్డింగులు ఆపేసింది. పెద్ద కంపెనీల్లో కొన్ని 1944 నవంబరు దాకా దిగిరాలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే హార్లెమ్‌లో బీబాప్ అనే కొత్త జాజ్ శైలి రూపం తీసుకుంది. 1943లో ఆ శైలికి దారి వేసిన శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఇద్దరూ ఎర్ల్ హైన్స్ అనే పియానో విద్వాంసుడి బ్యాండ్‌లో కలిసి వాయించారు, వాళ్ళిద్దరూ ఉన్నప్పటి ఆ బ్యాండ్ రికార్డు ఒక్కటి కూడా మార్కెట్లోకి రాలేదు.

అందుకే ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కు, రేడియో నుంచి పట్టుకున్న డిస్కు దొరికితే బంగారం దొరికినట్టు. అవి అల్యూమినియం పళ్ళెం మీద పూత పూసి చేసినవి, యుద్ధంలో అల్యూమినియం కరువైతే గాజు మీద కూడా చేశారు. కింద పడితే ముక్కలు, పడకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ పూత పెచ్చులూడుతుంది, ఇంకోసారి సూది పెడితే అదే చివరిసారి కావచ్చు. వాయించాలా వద్దా అని నిర్ణయించే మనిషి గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించండి.

కాగితాలదీ అంతే కష్టం. యానీ క్యూబ్లర్ అని ఒక ఆర్కివిస్టు ఉండేది. అంతకుముందు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్‌లో డ్యూక్ ఎల్లింగ్టన్ కాగితాల మీద పనిచేసింది. ఏ స్వరం ఎల్లింగ్టన్ చేతిరాత, ఏది ఆయనతో కలిసి పనిచేసిన బిల్లీ స్ట్రేహార్న్ చేతిరాత అన్నది అక్కడ పెద్ద ప్రశ్న, ఎందుకంటే ఎవరికి ఎంత పేరు దక్కాలో ఆ కాగితాలే చెప్పాలి. ఆ అనుభవంతో న్యూవార్క్ వచ్చి మేరీ లూ విలియమ్స్ పెట్టెలు విప్పి వరస పెట్టింది. మేరీ లూ పియానో విద్వాంసురాలు, బెనీ గుడ్‌మన్, ఎల్లింగ్టన్ లాంటి బ్యాండ్ లీడర్లకు కూడా సంగీతం రాసిచ్చింది, 1950ల్లో కచేరీలు మానేసి కాథలిక్ మతంలోకి వెళ్ళి, కష్టాల్లో ఉన్న కళాకారులకు సాయపడ్డానికి పాత సామాన్ల కొట్టు కూడా నడిపింది. అలాంటి మనిషి కాగితాల్లో స్వరాలూ ఉంటాయి, అప్పులూ ఉంటాయి, ప్రార్థనలూ ఉంటాయి. అందులో ఏది పక్కన పడేసినా ఆమె సగమే మిగులుతుంది. యానీ క్యూబ్లర్ 2012లో పోయింది, ఆమె వేసిన వరసలోనే ఇవాళ్టి పరిశోధకులు చదువుకుంటున్నారు.

[తెర మీద: టేపు రీలు తిరుగుతూ]

మనసు కలుక్కుమనే ఒక విషయం కూడా ఉంది. 1972లో ప్రభుత్వ కళా సంస్థ డబ్బుతో జాజ్ కళాకారుల నోటి చరిత్ర రికార్డు చేయడం మొదలుపెట్టారు. 60 దాటినవాళ్ళు, వాళ్ళతో పాటు ఒంట్లో బాగాలేని కొందరు చిన్నవాళ్ళు, మొత్తం 120 మంది. ఒక్కొక్కరితో కనీసం 5 గంటలు, కొందరితో 35 గంటలు కూడా, అంతా టైపు కొట్టి పెట్టారు. ఆ టేపులన్నీ ఇప్పుడు న్యూవార్క్‌లోనే ఉన్నాయి, మేరీ లూ విలియమ్స్ గొంతు కూడా ఉంది. కానీ చార్లీ పార్కర్ 1955లోనే పోయాడు, 34 ఏళ్లకే. ఇంకో శాక్సఫోన్ విద్వాంసుడు లెస్టర్ యంగ్ 1959లో, 49 ఏళ్లకి. వాళ్ళకి 60 ఎప్పుడూ రాలేదు. ఇంకో ఇరవై ఏళ్ళు ముందు ఎవరైనా ఆ టేపు రికార్డరు పట్టుకుని బయల్దేరి ఉంటే అనిపిస్తుంది.

2014 ప్రాంతంలో వేన్ విన్‌బోర్న్ ఈ ఇన్‌స్టిట్యూట్ బాధ్యత తీసుకున్నాడు. ఆయన హయాంలో, 2018లో కౌంట్ బేసీ సామాను వచ్చింది, న్యూజెర్సీలోనే రెడ్ బ్యాంక్‌లో పుట్టి, పియానో వాయిస్తూ బ్యాండ్ నడిపిన బేసీ. పియానోలు, ఫోటోలు, ఉత్తరాలు, వ్యాపారం లెక్కలు, ఇంట్లో వాడుకున్న సామాన్లు కూడా. వంటింటి సామాను ఎందుకండీ అంటారేమో. బ్యాండ్ లీడర్ అంటే ఏడాదంతా బస్సుల్లో తిరుగుతూ పదిహేను మంది జీతాలు, తిండి, గదులు చూసుకునే మనిషి, ఆ సంసారం ఎలా నడిచిందో లెక్కల పుస్తకంలోనే తెలుస్తుంది, రికార్డులో వినపడదు.

న్యూజెర్సీలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది వాళ్ళకి. ఎడిసన్ నుంచి రైలెక్కితే న్యూవార్క్ పెన్ స్టేషన్ ఎంతో దూరం కాదు. రట్గర్స్ న్యూవార్క్ క్యాంపస్, జాన్ కాటన్ డానా లైబ్రరీ, నాలుగో అంతస్తు. ముందు రాసి, ఏం చూడాలనుకుంటున్నారో చెప్పి, అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. ఏం అడగాలో తెలియకపోతే మేరీ లూ విలియమ్స్ ఇంటర్వ్యూ అడగండి, 1973లో రికార్డు చేసింది.