క్లబ్‌కూ సంఘానికీ గొడవైతే షూటర్ తుపాకీ మూలన పెట్టాలా?

(స్టూడియో చర్చ, లిఖిత రూపం. పాల్గొన్నవారు: క్రీడా వ్యవహారాలు చూసే న్యాయవాది, జిల్లా స్థాయి షూటింగ్ క్లబ్ నిర్వాహకుడు, మాజీ జాతీయ స్థాయి షూటర్ అయిన కోచ్, రాష్ట్ర స్థాయి సంఘంలో కార్యదర్శిగా చేసి రిటైరైన పెద్దాయన)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్లు మూడు కాంస్యాలు తెచ్చారు. మను భాకర్ ఒక్కతే రెండు పతకాల్లో భాగం పంచుకుంది. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా ఆ ఒలింపిక్స్‌కి వెళ్లిన షూటింగ్ జట్టులో ఉంది. పతకాలు వచ్చినప్పుడు ఈ ఆట గురించి అందరం మాట్లాడుకుంటాం. కానీ జిల్లాలో ఒక క్లబ్‌కి గుర్తింపు ఆగిపోయినప్పుడు, ఒకే రాష్ట్రంలో రెండు వర్గాలు 'మేమే అసలు సంఘం' అని పోట్లాడుకున్నప్పుడు, ఆ క్లబ్‌లో నేర్చుకునే పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు. నిర్వాహకుడు గారూ, ముందు ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో చెప్పండి.

క్లబ్ నిర్వాహకుడు: కింద క్లబ్‌లు, జిల్లా సంఘాలు. వాటి పైన రాష్ట్ర రైఫిల్ సంఘం. అన్నిటికీ పైన ఢిల్లీలో జాతీయ రైఫిల్ సంఘం, ఎన్‌ఆర్‌ఏఐ అంటాం. 1951లో పుట్టింది. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ గారే దానికి మొదటి అధ్యక్షుడు. ఇప్పటికీ జాతీయ పోటీలకు ముందు జరిగే పోటీకి ఆయన పేరే ఉంది. ఒక పిల్ల జాతీయ స్థాయికి వెళ్లాలంటే రాష్ట్ర పోటీల్లో అర్హత స్కోరు కొట్టాలి, తర్వాత మావలంకర్ లాంటి పోటీలో కొట్టాలి. ఎంట్రీ మాత్రం రాష్ట్ర సంఘం ద్వారానే వెళ్తుంది. అంటే మా క్లబ్‌కి గుర్తింపు ఆగితే ఆ పిల్ల ఎంత బాగా కొట్టినా ఎంట్రీ దగ్గరే ఆగిపోతుంది.

వ్యాఖ్యాత: ఇది అన్ని ఆటల్లోనూ ఉన్నదే కదండీ? క్రికెట్‌లో లేదా, కబడ్డీలో లేదా?

కోచ్: ఉంది. కానీ కబడ్డీ సంఘం నన్ను పక్కన పెట్టినా ఊరి మైదానంలో కూత పెట్టకుండా ఎవరూ ఆపలేరు. షూటింగ్ అలా కాదు. ఆట సామాను చేతికి రావాలన్నా, తూటాలు రావాలన్నా, రేంజ్‌లో, అంటే కాల్పుల ప్రాక్టీస్ చేసే చోట, నిలబడాలన్నా ప్రతి దానికీ ఒక కాగితం కావాలి. ఆ కాగితాల్లో చాలా వాటికి మూలం సంఘం ఇచ్చే ఉత్తరమే. ఇక్కడ గుర్తింపు పోవడమంటే ఆటే ఆగిపోవడం.

న్యాయవాది: కోచ్ మేడం చెప్పినదానికి చట్టంలోనే ఆధారం ఉంది. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ చూడండి. ఒక మనిషి దగ్గర ఎన్ని తుపాకులు ఉండొచ్చో అందులో పరిమితి ఉంది. ఆ పరిమితి ముందు మూడు, 2019 సవరణతో రెండుకి తగ్గింది. అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు కూడా పెట్టారు. కేంద్ర ప్రభుత్వం లైసెన్స్ గానీ గుర్తింపు గానీ ఇచ్చిన రైఫిల్ క్లబ్‌లో, లేదా సంఘంలో సభ్యుడై ఉండి, పాయింట్ టూ టూ (0.22 అంగుళాల బోర్) రైఫిల్‌తోనో, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌తోనో ప్రాక్టీస్ చేసేవాళ్లకి ఆ పరిమితి వర్తించదు. గమనించండి, మినహాయింపు వచ్చింది అతని స్కోరు చూసి కాదు, సభ్యత్వం చూసి. ఇక 2016 ఆయుధాల నియమాల్లో 'రినౌన్డ్ షూటర్' అనే హోదా ఉంది. జాతీయ పోటీల్లో ఎన్‌ఆర్‌ఏఐ నిర్ణయించిన కనీస స్కోరు కొట్టినవాళ్లకి ఇస్తారు. ఎక్కువ ఆయుధాలు, ఎక్కువ తూటాల కోటా ఆ హోదాతోనే వస్తాయి. జాతీయ పోటీల్లోకి వెళ్లే దారి మూసేస్తే ఈ హోదా దారి కూడా మూసినట్టే.

మాజీ కార్యదర్శి: ఒక్క నిమిషం. ఇదంతా విన్నవాళ్లకి సంఘం అంటే తలుపు మూసి కూర్చున్న మనుషులు అనిపిస్తుంది. రెండో వైపు కూడా చూడండి. మేం ఒక క్లబ్‌కి గుర్తింపు ఇచ్చామంటే అందులో సభ్యులకి ఆయుధం వైపు ఒక దారి తెరిచినట్టు. ఆట మీద ఆసక్తితో వచ్చేవాళ్లు ఉంటారు, లైసెన్స్ కోసమే సభ్యత్వం తీసుకునేవాళ్లూ ఉంటారు. రేంజ్‌కి ఎప్పుడూ రారు, పోటీల్లో కనబడరు, కార్డు మాత్రం కావాలంటారు. రేపు ఆ తుపాకీ ఏ పెళ్లి ఊరేగింపులోనో పేలితే అందరూ అడిగేది సంఘాన్నే. అందుకే క్లబ్ పెడతామని వచ్చినవాళ్లని నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతాం. రేంజ్ వెనక తూటాలు ఆపే మట్టి గట్టు ఎంత ఎత్తుంది, ఆయుధాలు దాచే గది ఎలా ఉంది, తూటాల లెక్క ఎవరు రాస్తారు? ఇవి అడగకపోతే మేం తప్పు చేసినట్టు.

కోచ్: అడగండి సర్, గట్టిగా అడగండి. ఏళ్ల తరబడి నడుస్తున్న క్లబ్‌కి ఎన్నికల ముందు గుర్తింపు ఆగిపోతే మాత్రం అది మట్టి గట్టు గురించి కాదు.

మాజీ కార్యదర్శి: ప్రతిసారీ అలా కాదు.

కోచ్: అలా కానప్పుడు కారణం కాగితం మీద రాసివ్వడానికి ఇబ్బంది ఏముంది? చాలా క్లబ్‌లకి అందేది 'మీ గుర్తింపు పరిశీలనలో ఉంది' అనే ఒక్క ముక్క. ఎన్నాళ్లు పరిశీలిస్తారో ఉండదు, లోపం ఏమిటో ఉండదు. ఈలోపు రాష్ట్ర పోటీల ఎంట్రీ గడువు దాటిపోతుంది. జూనియర్ విభాగంలో ఉన్న పిల్లలకి వయసు కూడా దాటిపోతుంది. ఆ సంవత్సరాన్ని ఎవరు తిరిగిస్తారు? నాకు కోపం వచ్చేది అక్కడే. పెద్దవాళ్లు కోర్టులో గెలుస్తారో ఓడతారో, పదిహేనేళ్ల పిల్లకి ఆ సీజన్ మాత్రం పోయినట్టే.

వ్యాఖ్యాత: ఎన్నికల మాట వచ్చింది. లాయర్ గారూ, క్లబ్ గుర్తింపుకీ ఎన్నికలకీ అంత సంబంధం ఎందుకు?

న్యాయవాది: ఓటు వల్ల. జాతీయ సంఘంలో ఓటు వేసేది షూటర్ కాదు, క్లబ్ సభ్యుడూ కాదు. సభ్య సంఘాల ప్రతినిధులు వేస్తారు. 2021 సెప్టెంబర్‌లో మొహాలీలో జరిగిన ఎన్నికలో రణీందర్ సింగ్ 56 ఓట్లతో గెలిచారు. ప్రత్యర్థి శ్యామ్ సింగ్ యాదవ్‌కి వచ్చినవి మూడు. మొత్తం పోలైనవే 59. ఇంత పెద్ద దేశంలో ఒక ఆట పగ్గాలు అరవై లోపు ఓట్లతో తేలిపోతాయి. అప్పుడు ఒక్కో రాష్ట్ర సంఘం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత ముఖ్యమో ఆలోచించండి. రాష్ట్ర సంఘం ఎవరి చేతిలో ఉండాలో తేల్చేది కింద ఉన్న జిల్లా సంఘాలు, క్లబ్‌లు. అందుకే గొడవ కిందిదాకా వస్తుంది.

వ్యాఖ్యాత: రణీందర్ సింగ్ పదవీకాలం మీద కూడా వివాదం నడిచింది కదా?

న్యాయవాది: అవును. ఆయన 2010 డిసెంబర్‌లో అధ్యక్షుడయ్యారు. 2011 జాతీయ క్రీడా నియమావళి ప్రకారం అధ్యక్షుడికి గరిష్ఠంగా పన్నెండేళ్లు. 2022 చివరికి ఆ గడువు నిండింది. కేంద్ర క్రీడా శాఖ ఆ లెక్క గుర్తుచేశాక ఆయన పక్కకి తప్పుకున్నారు, కళికేశ్ సింగ్ దేవ్ బాధ్యతలు చూశారు, 2024 సెప్టెంబర్‌లో ఎన్నికై అధ్యక్షుడయ్యారు. అయితే ఇదంతా పై అంతస్తు కథ. అక్కడ పదవీకాలం లెక్కపెట్టడానికి క్రీడా శాఖ ఉంది, హైకోర్టు ఉంది, పత్రికలు ఉన్నాయి. జిల్లాలో ఎవరు లెక్కపెడతారు?

క్లబ్ నిర్వాహకుడు: ఎవరూ లెక్కపెట్టరండి. పైగా కోర్టుకి వెళ్తే మా మీద ఒక ముద్ర పడుతుంది. కేసు వేసిన క్లబ్ అంటారు. మిగతా క్లబ్‌లవాళ్లు కూడా మాతో మాట్లాడటానికి జంకుతారు, వాళ్ల ఎంట్రీలు ఎక్కడ ఆగిపోతాయోనని. కోర్టు ఖర్చు కంటే నాకు ఆ టెన్షనే ఎక్కువ.

మాజీ కార్యదర్శి: అది నిజమే. నేను కాదనను. కేసు వేసిన మనిషి మీద కక్ష పెట్టుకోవడం ఏ సంఘానికీ మంచిది కాదు.

వ్యాఖ్యాత: వేరే దేశాల్లో ఇలాంటిది ఎలా తేల్చారు?

న్యాయవాది: అమెరికా సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ ఒలింపిక్ షూటింగ్‌ని చాలాకాలం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ చూసింది. అదే మనం వార్తల్లో వినే తుపాకుల హక్కుల సంస్థ. 1995లో ఆ బాధ్యత యూఎస్ఏ షూటింగ్ అనే ప్రత్యేక సంస్థకి వెళ్లింది. అక్కడి చట్టం ప్రకారం క్రీడా సంస్థల బోర్డుల్లో క్రీడాకారులకి వాటా తప్పనిసరి. మొదట ఐదో వంతు ఉండేది, 2020 చట్టంతో మూడో వంతు అయింది. మన దగ్గర 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. కార్యవర్గం పదిహేను మందికి మించకూడదు, అందులో కనీసం ఇద్దరు పేరున్న క్రీడాకారులు, నలుగురు మహిళలు ఉండాలి అంది.

కోచ్: పదిహేను మందిలో ఇద్దరు! చెయ్యెత్తితే కనబడతారు గానీ ఓటులో తేలిపోతారు. అయినా లేనిదానికంటే నయమే, వాళ్లు ధైర్యంగా మాట్లాడేవాళ్లైతే.

న్యాయవాది: నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది ట్రిబ్యునల్ మీద. సుప్రీంకోర్టు న్యాయమూర్తి లేదా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి స్థాయి వ్యక్తి అధ్యక్షతన జాతీయ క్రీడా ట్రిబ్యునల్ ఉండాలని చట్టం చెప్పింది. దాని పరిధిలోకి వచ్చే గొడవల్ని సివిల్ కోర్టులు చేపట్టవు, అప్పీలు మామూలుగా సుప్రీంకోర్టుకే. సంఘాలు సొంతంగా ఫిర్యాదుల పరిష్కార యంత్రాంగం కూడా పెట్టుకోవాలి. జాతీయ బోర్డు కింది స్థాయి అనుబంధ సంఘాలని కూడా నమోదు చేస్తుంది. నా అనుమానం ఒక్కటే. ఆదిలాబాద్‌లోనో శ్రీకాకుళంలోనో ఉన్న చిన్న క్లబ్ ఢిల్లీ దాకా వెళ్లి వాదించుకోగలదా? ఆన్‌లైన్ విచారణ, రుసుము మినహాయింపు, తేదీ దాటకుండా మధ్యంతర ఉత్తర్వు. ఈ మూడూ లేకపోతే ట్రిబ్యునల్ మళ్లీ పెద్ద సంఘాల వేదికే అవుతుంది.

వ్యాఖ్యాత: ఒక తల్లి మాకు ప్రశ్న పంపారు. చదువుతాను. 'మా అమ్మాయి ఎయిర్ పిస్టల్ కొడుతుంది. మా క్లబ్‌కీ సంఘానికీ పడటం లేదు. క్లబ్ మార్చమంటారా?' కోచ్ గారూ?

కోచ్: ఆమె స్థానంలో ఉంటే నేను కూడా ముందు మార్చడం గురించే ఆలోచిస్తాను, తప్పు లేదు. కానీ మార్చే ముందు అమ్మాయి ఆడిన ప్రతి పోటీ స్కోరు షీటు, సర్టిఫికెట్ మీ చేతికి తెచ్చుకోండమ్మా. క్లబ్ బీరువాలో వదిలేయకండి. సంఘానికి రాసేది ఏదైనా ఈమెయిల్‌లో రాయండి, ఫోన్లో మాట్లాడి ఊరుకోవద్దు. మంచి కోచ్ దొరికిన చోటు వదులుకోవడం మాత్రం చిన్న విషయం కాదు. గగన్ నారంగ్, కైనన్ చెనాయ్, ఈషా... మన ఊరి నుంచి వెళ్లిన వీళ్లెవరి ఆటా ఒక్క సీజన్‌లో తయారైంది కాదు. ఆ పిల్ల చెయ్యి ఎక్కడ వణుకుతుందో, పదో షాట్ తర్వాత ఊపిరి ఎలా మారుతుందో తెలిసిన మనిషిని వదిలి వెళ్లమనడం అన్యాయం. అందుకే నేను ఒకటే అడుగుతున్నాను. గొడవ తేలేవరకు ఆ క్లబ్ పిల్లల్ని విడి షూటర్లుగా రాష్ట్ర పోటీల్లో ఆడనివ్వండి.

మాజీ కార్యదర్శి: విడిగా ఆడితే ఆ పిల్ల తెచ్చే ఆయుధానికి జవాబుదారీ ఎవరు?

కోచ్: పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి, ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సే అక్కర్లేదు కదా సర్. పాయింట్ వన్ సెవెన్ సెవెన్ బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళాలు, ఇరవై జౌల్స్ లోపు శక్తి ఉంటే 2016 నియమాల ప్రకారం లైసెన్స్ వద్దు. ఎలాగూ పోటీ రోజున మీ అధికారులే ప్రతి పిస్టల్ ట్రిగ్గర్ బరువు తూచి, కొలతలు చూసి స్టిక్కర్ వేస్తారు. పిల్లల్లో ఎక్కువమంది మొదలుపెట్టేది ఎయిర్ విభాగాల్లోనే. కనీసం వాటికి భద్రత అనే అడ్డు చెప్పొద్దు.

మాజీ కార్యదర్శి: ఎయిర్ వరకు ఒప్పుకుంటాను. గుర్తింపు పరిశీలనలో ఉన్న క్లబ్ పిల్లల్ని ఎయిర్ విభాగాల్లో తాత్కాలికంగా ఆడనివ్వొచ్చు. అలాంటి తీర్మానం సర్వసభ్య సమావేశంలో పెడితే నేనైతే మద్దతిస్తాను. పాయింట్ టూ టూకి మాత్రం ఒప్పుకోను. దానికి తూటాల లెక్క చూపే క్లబ్ ఒకటి వెనక ఉండాల్సిందే.

క్లబ్ నిర్వాహకుడు: పాయింట్ టూ టూ పిల్లల తూటాల లెక్కని పక్క జిల్లా క్లబ్ చూస్తానంటే?

మాజీ కార్యదర్శి: రాతపూర్వకంగా బాధ్యత తీసుకుంటే... ఆలోచించాలి. ఇక్కడ మాట ఇవ్వలేను.

న్యాయవాది: ఆలోచనకి ఒక గడువు పెట్టండి సర్. ముప్పై రోజులు అని నియమావళిలో రాసుకోండి, చాలు.